బల్లకు వరస ఉండదు

పొగాకు వాసన పోవడానికి చెంచురామయ్య గోడలకు మూడుసార్లు సున్నం వేయించాడు. పోలేదు. వడ్రంగి కనకాచారి గోడకు ముక్కు ఆనించి చూసి, "సున్నంతోటి పోదయ్యా ఇది. పది మంది కూసోని తింటే పప్పు వాసనకు అదే పోతది," అన్నాడు.

పది మంది అక్కర్లేదు. ఇద్దరు వస్తే చాలు. ఆ మాట అతను వడ్రంగితో అనలేదు.

గుడివాడ దగ్గర ఉన్న రెండెకరాలు అమ్ముకుని దమ్మపేట అడవి అంచుకు వచ్చి ఇరవై అయిదేళ్ళయింది. పొగాకు వేశాడు, తర్వాత మిరప వేశాడు, డాబా కట్టాడు. ఒక్కటే కూతురు, ప్రమీలారాణి. ఆశ్రమ పాఠశాలలో టీచరు. అదే బడిలో పనిచేసే సమ్మయ్యను నాలుగేళ్ళ కిందట రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. సమ్మయ్య ఎవరో కాదు, పక్క గూడెం పగిడయ్య కొడుకు. పగిడయ్య కోయవాడు. చచ్చిపోయేదాకా చెంచురామయ్య పొలంలో పనిచేసినవాడు. పెళ్ళయిన రోజు ఇద్దరూ దండలతో గేటు దగ్గరికి వచ్చారు. "వాడి కంచంలో తినేదానివి, నా ఇంట్లో కంచం ముట్టుకోకు," అన్నాడు చెంచురామయ్య. గట్టిగా కూడా అనలేదు. రాణి భర్త చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది. నాలుగేళ్ళు ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఈ ఎండాకాలం సత్తుపల్లి బస్టాండులో ఆమె కనిపించింది. హోటల్లో బయటి బల్ల దగ్గర, అతనికి వీపు పెట్టి కూర్చుని ఇడ్లీ తింటోంది. ఎదురుగా సమ్మయ్య. చెంచురామయ్య స్తంభం పక్కన నిలబడిపోయాడు. రాణి మొదటి ముక్క తుంచి చట్నీలో ముంచి, దాన్ని కాసేపు పళ్ళెం అంచున ఆరబెట్టినట్టు ఉంచి, అప్పుడు నోట్లో పెట్టుకుంది. మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడూ అంతే. వేడని భయం. ఇడ్లీ చల్లగానే ఉండి ఉంటుంది, అయినా అంతే. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. అతను అక్కడే ఉన్నాడు. వాళ్ళు చేతులు కడుక్కుని ఎటో నడిచి వెళ్ళాక గాని స్తంభం వదలలేదు.

ఇంటికి వచ్చి భార్యతో, "వాళ్ళను ఓసారి భోజనానికి రమ్మని రాయి," అన్నాడు.

పద్మావతమ్మ బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "రాస్తాను. ఎక్కడ కూర్చోబెడతారు?"

అతను ఆ ప్రశ్న గురించి ఆలోచించలేదు. ఆ ఇంట్లో మగవాళ్ళు నడవలో తూర్పు గోడ వారన పీటలు వేసుకుని తింటారు. పాలేళ్ళూ కూలీలూ వసారాలో తింటారు. మధ్యలో గడప. సమ్మయ్య చిన్నప్పుడు తండ్రితో ఎన్నోసార్లు వసారాలో తిన్నాడు. గడప దాటి ఎరగడు. ఇప్పుడు దాటిస్తే ఏ పీట మీద? తన పక్కనా, తన తర్వాతా, ఎదురుగానా? గోడ వారన పీటలు వేసేసరికి ఒకటి మొదటిదవుతుంది, ఒకటి చివరిదవుతుంది. మూడు రోజులు అతను పొలం గట్టు మీద నడుస్తూ పీటలు వేశాడు, తీశాడు.

నాలుగో రోజు మంగలి షాపులో ఒక పాత వారపత్రిక దొరికింది. భోజనాల గదిని ఎలా అలంకరించుకోవాలో రెండు పేజీలు. తక్కువ ఖర్చు, మధ్యరకం ఖర్చు, దండిగా ఖర్చు అని మూడు రకాలు. అన్నీ ఒక్క తీరులో ఉండనక్కర్లేదనీ, పాతా కొత్తా నాటూ విదేశీ కలిపితేనే అందమనీ రాశారు. బొమ్మలో పొడుగాటి బల్ల, చుట్టూ మనుషులు. ఆ బొమ్మను అతను చాలాసేపు చూశాడు. ఎవరు ముందో ఎవరు తర్వాతో తెలియడం లేదు. నేల మీద కూర్చుంటే వరస ఉంటుంది. బల్లకు వరస ఉండదు. నోరు విప్పి ఒక్క మాట అనే పని లేకుండా అంతా సర్దుకునే దారి దొరికినట్టయింది. మంగలిని అడిగి ఆ కాగితం చింపుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఇంటి వెనక పొగాకు బేళ్ళు వేసే గది ఖాళీగానే ఉంది. అక్కణ్ణుంచి మొదలుపెట్టాడు.

మొదట దండిగా ఖర్చు. కొత్తగూడెంలో గనుల ఆఫీసరు పాత బంగళా సామాను వేలం వేస్తుంటే వెళ్ళి, సింహం కాళ్ళ టేకు బల్లా, పేము అల్లిన ఎత్తు వీపు కుర్చీలు రెండూ పాడుకుని లారీ మీద వేయించుకొచ్చాడు. మిగతా కుర్చీలు ఆ జోడీవి లేవు. కనకాచారి చేత నల్లమద్దితో రెండు చేయించాడు, మధ్యరకం. అప్పటికి మిరప ధర పడింది. చివరి రెండూ సత్తుపల్లిలో కొన్న మడత ఇనప కుర్చీలు. గచ్చుకు ఎర్ర రంగు వేయించాడు. గోడలకు నడుము ఎత్తు దాకా నీలం డిస్టెంపరు, పైన సున్నం. ఒక కిటికీకి ఖమ్మం నుంచి తెచ్చిన పువ్వుల పరదా, రెండో కిటికీకి పద్మావతమ్మ పాత వెంకటగిరి చీర. భద్రాచలంలో మేదరి చేత వెదురు బుట్ట అల్లించి బల్బుకు తొడిగించాడు. వెలుగు గళ్ళుగళ్ళుగా బల్ల మీద పడింది. చేతులు కడుక్కునే పింగాణీ తొట్టి బిగించారు గాని దానికి నీళ్ళ గొట్టం లేదు, బకెట్టూ చెంబూ పక్కన పెట్టారు. గోడకు ద్రాక్షపళ్ళ బొమ్మ.

"భోజనాల గదా, తిర్నాలా అయ్యా ఇది?" అన్నాడు కనకాచారి, రంపం పక్కన పెట్టి. "ఒక కుర్సి దొరది, ఒక కుర్సి గుమస్తాది, ఇంకోటి కల్లు దుకాణంది."

"అలా కలిపితేనే అందం. పుస్తకంలో రాశారు."

"పుస్తకం రాసినోడు కూసుంటడా గీ ఇనప దాంట్ల?"

పద్మావతమ్మ గుమ్మంలోనే నిలబడి నవ్వింది. "కుర్చీలక్కూడా కులాలు వచ్చాయన్నమాట," అంది.

ఆ మాట అతన్ని పట్టుకుంది. నిజమే. వరస లేదనుకున్న బల్ల చుట్టూ కుర్చీలతో మళ్ళీ వరస వచ్చి కూర్చుంది. ఆ వారమంతా ఏ కుర్చీలో ఎవరు అన్న ఆలోచనతోనే గడిచింది. చివరికి పేము కుర్చీలు రెండూ కూతురికీ సమ్మయ్యకూ ఇవ్వాలని, తాను ఇనప కుర్చీలో కూర్చోవాలని నిశ్చయించుకున్నాడు. అలా అనుకున్నాక మనసు ఎంత తేలికపడిందంటే, క్షమించమని అడగడం కూడా అందులోనే అయిపోయినట్టు అనిపించింది. పొద్దున్నే లేచి ఎవరూ చూడకుండా ఆ ఇనప కుర్చీలో కూర్చుని చూసుకునేవాడు. అది కిర్రుమనేది. ఆ చప్పుడు అతనికి నచ్చింది.

వాళ్ళు కార్తీకంలో ఆదివారం వస్తామని రాశారు. ఉత్తరం పద్మావతమ్మ పేరున వచ్చింది.

ముందు రోజు సత్తుపల్లి వెళ్ళి అతను ఇంకొకటి కొన్నాడు, భార్యకు కూడా చెప్పకుండా. అల్లుడు మొదటిసారి భోజనానికి వస్తే వెండి కంచం, వెండి గ్లాసు పెట్టడం వాళ్ళ వైపు ఆనవాయితీ. గుడివాడలో అన్నయ్య ఇద్దరల్లుళ్ళకూ పెట్టాడు. అన్నయ్య అల్లుళ్ళకు ఏం జరిగిందో సమ్మయ్యకూ అదే జరగాలి, పిసరు తగ్గకూడదు. గది అంతా ముక్కలు ముక్కలుగా అతికినా ఈ ఒక్కటి మాత్రం లోపం లేనిదని అతని నమ్మకం. బట్టలో చుట్టి బీరువాలో దాచాడు.

పదకొండు గంటల బస్సుకు వచ్చారు. గేటు దగ్గర అతనే ఎదురు వెళ్ళాడు. సమ్మయ్యను ఏమని పిలవాలో తెలియలేదు. "ఒరేయ్ సమ్మిగా" అని పిలిచిన నోరది. "అల్లుడుగారూ" అనడం రెండు రోజులుగా నేర్చుకున్నాడు. తీరా చూస్తే ఇద్దరికీ కలిపి "రండి, రండి" అనేశాడు, అందులో దాక్కున్నట్టు.

"బాగున్నవా మామా," అన్నాడు సమ్మయ్య. ఆ మాట అతనూ నేర్చుకునే వచ్చాడని వినగానే తెలిసింది.

రాణి చిక్కింది. జుట్టు ముడి వేసుకుంది. తల్లి చేతిలోంచి నీళ్ళ చెంబు తీసుకుంటూ, "అమ్మా, మోకాలు తగ్గిందా?" అని అడిగింది. మోకాలి నొప్పి వచ్చి నెల కూడా కాలేదు, దీనికెలా తెలుసా అని అతనికి ఒక్క క్షణం తోచింది. గది చూపించే తొందరలో ఆ ఆలోచన జారిపోయింది.

గది చూసి రాణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు. నాలుగేళ్ళ తర్వాత ఆ నవ్వు. "నాన్నా! ఇదంతా నువ్వేనా? ఆ ద్రాక్షపళ్ళు ఎక్కడివి? అయ్యో, అమ్మ చీర!"

"పుస్తకంలో చూసి చేశాను. పాతా కొత్తా కలిపి."

సమ్మయ్య బల్ల చుట్టూ ఒకసారి నడిచాడు. కిటికీలోంచి బయటికి చూశాడు, ఏదో గుర్తు పోల్చుకుంటున్నట్టు. "గీ గది ఉన్నకాడ మా నాయిన కందులు ఏసేటోడు," అన్నాడు. "మీరు రాకముందు. గా మెరక దాకా మాదే అనేటోడు." నిష్ఠూరం లేదు ఆ గొంతులో. చిన్నప్పుడు విన్న కథ చెప్తున్నట్టు అన్నాడు.

చెంచురామయ్య పేము కుర్చీ చూపించి, "కూర్చోండి, కూర్చోండి. అది మీ కుర్చీ," అన్నాడు.

సమ్మయ్య పేము కుర్చీలో, రాణి రెండో దాంట్లో కూర్చున్నారు. చెంచురామయ్య కిర్రుమంటూ ఇనప కుర్చీలో కూర్చున్నాడు. పద్మావతమ్మ వడ్డించడానికి వచ్చింది. "నువ్వూ కూర్చో," అన్నాడతను. "ఇక్కడ అందరం కలిసే." ఆ మాట కూడా ముందే అనుకున్నదే. ఆమె అతని మొహం ఒకసారి చూసి నల్లమద్ది కుర్చీ లాక్కుంది. గారెలు, గుత్తివంకాయ, కందిపప్పు, నాటుకోడి కూర బల్ల మధ్యలో పెట్టి ఉన్నాయి. నీలం పువ్వుల పింగాణీ పళ్ళేలు మూడు, స్టీలు గ్లాసులు మూడు.

అప్పుడు అతను లేచి వెళ్ళి బట్ట విప్పి తెచ్చాడు. వెండి కంచం సమ్మయ్య ముందు పెట్టాడు. పక్కన వెండి గ్లాసు పెట్టి నీళ్ళు పోశాడు. వెదురు బుట్టలోంచి పడ్డ వెలుగు ఆ ఒక్క కంచం మీద మెరిసింది.

పద్మావతమ్మ చెయ్యి గరిటె మీదే ఆగిపోయింది.

సమ్మయ్య కంచం చూశాడు. తర్వాత రాణి పళ్ళెం, అత్త పళ్ళెం, మామ పళ్ళెం చూశాడు. పప్పన్నం కలిపాడు. ఒక ముద్ద తిన్నాడు. గ్లాసు ఎత్తి నీళ్ళు తాగి కింద పెట్టాడు. పెట్టాక దాని మీంచి చెయ్యి తీయలేదు.

"మా నాయినకు మీ వసారాల వేరే గిలాస ఉండేది," అన్నాడు నవ్వుతూనే. "సత్తుది. చూర్ల చెక్కి ఉండేది. యాదికొచ్చింది, గంతే."

"ఇది వెండిదయ్యా!" అన్నాడు చెంచురామయ్య. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "అల్లుళ్ళకు పెట్టేది. మా అన్నయ్య కూడా..."

"ఎరికే మామా. వెండిదని నాకు ఎరికే. నా చెయ్యికే ఎరికైతలేదు. నలుగురిట్ల వేరే కంచం, వేరే గిలాస అంటే దానికి ఒకటే ఎరిక." మళ్ళీ నవ్వబోయాడు. "తప్పు పట్టకున్రి. తింట."

అతను నిజంగానే రెండో ముద్ద కలుపుతున్నాడు. అక్కడితో అయిపోయేదే. రాణి తేలిగ్గా, తండ్రిని ఇబ్బందిలోంచి లాగడానికే అన్నట్టు నవ్వుతూ, "దానికేముంది? మార్చుకోండి," అంది. "నాన్నా, నువ్వు వెండి దాంట్లో తిను, పెద్దవాడివి. నీ పింగాణీ ఆయనకివ్వు. సరిపోయింది."

మాట ముగిసేసరికి కూడా ఆమె మొహంలో పరిహాసమే ఉంది.

చెంచురామయ్య వెండి కంచం వైపు చూశాడు. అన్నం సగం కలిపి ఉంది. పప్పులో నాలుగు వేళ్ళ గాడి ఉంది. గ్లాసు అంచున తడి ఉంది. ఇవ్వాలని అతనికి తెలుసు. ఇస్తాననీ తెలుసు. 'ఇటివ్వు' అన్న మాట నాలుక మీదే ఉంది. కుడి చెయ్యి తన పళ్ళెం అంచు మీద ఉంది. ఆ చెయ్యి కదలలేదు.

ఎంతసేపు? రెండు ఊపిర్లు. అంతకంటే ఎక్కువ లేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. రాణి మొహంలో నవ్వు అలాగే ఉంది గాని దాని వెనకనుంచి మనిషి లేచి వెళ్ళిపోవడం అతనికి కనిపించింది. తన లోపల అసహ్యం ఉందేమోనని వెతికాడు. లేదు. కోపమూ లేదు. ఏదీ లేని చోట ఆ చెయ్యిని ఏం పట్టుకుందో అతనికి తెలియలేదు.

అప్పుడు కదిలింది. పళ్ళేన్ని రెండంగుళాలు ముందుకు తోసి, "ఇదిగో, ఇటివ్వు," అన్నాడు.

రాణి తన ఎడమ చెయ్యి భర్త కంచానికి అడ్డం పెట్టింది. "వద్దులే నాన్నా," అంది, చాలా మెత్తగా. "చల్లారిపోతది. తినండి."

తిన్నారు. అన్నీ తిన్నారు. కోడి కూర బాగుందని సమ్మయ్య రెండుసార్లు వేయించుకున్నాడు. బడిలో పిల్లల గురించి, కిన్నెరసాని వైపు రోడ్డు కొట్టుకుపోవడం గురించి మాట్లాడారు. రాణి తండ్రిని షుగరు చూపించుకోమంది. పరాయి ఇంట్లో ఎంత మర్యాదగా ఉండాలో అంత మర్యాదగా ఉన్నారు. భోజనమయ్యాక ఆమె వెండి కంచాన్ని తనే కడిగి, తుడిచి, బల్ల మీద పెట్టింది.

మూడు గంటల బస్సుకు రోడ్డు దాకా వెళ్ళాడు చెంచురామయ్య. అనవలసిన మాట ఒకటి ఉంది. దాన్ని ఈ ఆరు నెలలు బల్లగా, కుర్చీగా, పరదాగా చేసి పెట్టాడు. ఇప్పుడు మాటగా చెయ్యాలంటే రాలేదు. సమ్మయ్య చేతులు జోడించి, "పోయొస్తం మామా," అన్నాడు. రాణి మెట్టు ఎక్కి వెనక్కి తిరిగి, "గది బాగుంది నాన్నా," అంది. బస్సు కదిలింది.

తిరిగి వచ్చేసరికి పద్మావతమ్మ బల్ల తుడుస్తోంది. అతను ఇనప కుర్చీలో కూర్చున్నాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తారంట?"

"రారు."

"నీతో చెప్పిందా?"

"చెప్పాలా?" ఆమె గుడ్డ పిండి మళ్ళీ తుడిచింది. "ఆ కంచం సంగతి ఒక్క మాట నాతో అంటే నేను వద్దనేదాన్ని. ఆ బాబు వాళ్ళింట్లో పండక్కి కూడా విడిగా కంచం పెట్టించుకోడు. నలుగురికీ ఎలాంటిదో తనకూ అలాంటిదే."

"నీకెలా తెలుసు?"

ఆమె బల్ల అంచు తుడిచింది. "మీకు చెప్పకుండా ఎన్నాళ్ళని దాస్తాను," అంది. "కంటి దవాఖానా అనీ, భద్రాచలం దర్శనం అనీ చెప్పి నేను వెళ్ళేది అక్కడికే. నాలుగేళ్ళ నుంచీ వెళ్తున్నా. ఉంటా, వండుతా, తింటా."

అతను ఆమెను చూశాడు. నాలుగేళ్ళుగా ఇంటికి బయట ఉన్నది తానొక్కడే. గేటు మూసింది అతనే. మూసినవాడు లోపలే ఉన్నానని అనుకున్నాడు.

"ఏ కంచంలో తింటావు?" అని అడిగాడు.

నోట్లోంచి వచ్చాక గాని అది ఏం ప్రశ్నో అతనికి తెలియలేదు. పద్మావతమ్మ చేతిలో గుడ్డ ఆగింది. ఆమె మొహంలో కోపం వస్తుందేమోనని చూశాడు. వస్తే బాగుండును. ఆమె అతని వైపు జబ్బు మనిషి వైపు చూసినట్టు చూసింది.

"చేతికందిన దాంట్లో," అని చెప్పి గుడ్డ ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళింది.

ఆ తర్వాత అతను రోజూ మధ్యాహ్నం ఆ గదిలోనే తిన్నాడు. భార్య తెచ్చి పెట్టి వెళ్ళేది. ముద్ద కలిపేముందు అతని కళ్ళ ముందు ఆ ఆదివారం మళ్ళీ జరిగేది. రాణి నవ్వుతూ "మార్చుకోండి" అనేది. ఆమె మాట పూర్తి కాకముందే అతని చెయ్యి బల్ల మీదుగా వెళ్ళి కంచం అందుకునేది. ఒక్కసారి కూడా ఆగలేదు. వారాలు గడిచినా, ఎన్నిసార్లు చూసినా ఆగలేదు. అంత తేలిగ్గా కదిలే ఆ చేతిని చూస్తే అతనికి భయం వేసేది. అది ఎవరి చెయ్యో అతను పోల్చుకోలేకపోయేవాడు.